ఎక్సెల్‌లో వీలుకప్‌తో వెతికితే వచ్చే #ఎన్/ఏ (దొరకలేదు) ఎర్రర్లన్నింటినీ ఇఫ్‌ఎర్రర్‌తో సున్నా చేసేయొచ్చా?

వద్దండి. కొనుగోళ్ల రిజిస్టర్‌ని జీఎస్టీఆర్-2బీతో (సప్లయర్లు అప్‌లోడ్ చేసిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే లిస్టు, టూబీ అంటాం) సరిచూస్తుంటే చాలా వరుసల్లో #ఎన్/ఏ వస్తోంది, ఏ ఎర్రర్ వచ్చినా దాని బదులు మనం చెప్పింది చూపించే ఇఫ్‌ఎర్రర్ పెట్టి సున్నా వేస్తే షీటు నీట్‌గా ఉంటుంది కదా అని అడిగారు. నీట్‌గానే ఉంటుంది, కానీ ఈ పనిలో మనం వెతుకుతున్నదే ఆ #ఎన్/ఏ. ఏ సప్లయర్ మన బిల్లు అప్‌లోడ్ చేయలేదో చెప్పేది అదే. 2022 జనవరి నుంచి టూబీలో కనిపించని బిల్లుకి క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవడం) తీసుకునే వీల్లేదు, అంటే ఆ సెల్ వెనకాల క్లయింటు డబ్బు ఉంది.

నేను విజయవాడలో ఒక ట్యాక్స్ ఆఫీసులో నెలనెలా ఇదే పని చేస్తుంటాను. ఒకసారి ఒక హార్డ్‌వేర్ షాపు ఫైలు వేరేచోటి నుంచి మా దగ్గరికి వచ్చింది. ప్రతి ఫార్ములాకీ ఇఫ్‌ఎర్రర్ తొడిగి సున్నా పెట్టేశారు. అది తీసేసి చూస్తే ఒకే సప్లయర్ బిల్లులు నెలల తరబడి #ఎన్/ఏ. ఇంకో నెల షీట్లో ఎవరో మధ్యలో ఒక కాలమ్ డిలీట్ చేశారు, దాంతో చివరి కాలమ్‌ని అడిగిన ఫార్ములాలన్నీ #రెఫ్! (అడిగిన కాలమ్ లేదు) అయిపోయాయి. ఆ చివరి కాలమ్ ఐజీఎస్టీ, అంటే వేరే రాష్ట్రం నుంచి కొన్నవాటి మీద పడే జీఎస్టీ. లోకల్ కొనుగోళ్లకి ఐజీఎస్టీ ఎలాగూ సున్నాయే కాబట్టి కాలమ్ మొత్తం సున్నాలున్నా ఎవరికీ అనుమానం రాలేదు. ఇఫ్‌ఎర్రర్‌తో వచ్చే చిక్కు ఇదే, బిల్లు దొరక్కపోయినా, ఫార్ములా చెడిపోయినా, ఫంక్షన్ పేరు తప్పు కొట్టినా దానికి అన్నీ ఒకటే.

దాని బదులు ఇఫ్‌ఎన్ఏ వాడండి, ఎక్సెల్ 2013 నుంచీ ఉంది. =ఇఫ్‌ఎన్ఏ(వీలుకప్(ఏ2, టూబీ!$ఏ$2:$ఎఫ్$900, 6, ఫాల్స్), "టూబీలో లేదు") అని రాస్తే దొరకని బిల్లు మాటల్లో కనిపిస్తుంది, #రెఫ్! లాంటివి వస్తే దాక్కోకుండా బయటపడతాయి. ఆ మాట ఉన్న సెల్‌ని ప్లస్ గుర్తుతో కూడితే #వాల్యూ! వస్తుంది, సమ్ అయితే మాటల్ని వదిలేసి అంకెలే కూడుతుంది, కాబట్టి టోటల్స్‌కి సమ్ పెట్టండి. చివర్లో ఫాల్స్ (అచ్చంగా అదే నంబర్ కావాలి అని) మాత్రం మర్చిపోవద్దు, అది లేకపోతే వరుసక్రమంలో లేని లిస్టులో ఏదో ఒక బిల్లు విలువ తెచ్చి పెడుతుంది, ఎర్రర్ కూడా రాదు, అది #ఎన్/ఏ కన్నా వంద రెట్లు ప్రమాదం. ఎక్సెల్ 2021 గానీ 365 గానీ ఉంటే ఎక్స్‌లుకప్‌కి వెళ్లిపోండి, దొరక్కపోతే ఏం చూపించాలో అందులోనే ఇవ్వొచ్చు.

ఇక బిల్లు రెండు చోట్లా కంటికి కనిపిస్తూనే #ఎన్/ఏ వస్తోందంటే, ముందు అదే నంబర్‌ని కౌంట్‌ఇఫ్‌తో (లిస్టులో ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టేది) వెతికి చూడండి. కౌంట్‌ఇఫ్ 1 అని, వీలుకప్ లేదు అంటే ఒకవైపు అంకెగా, రెండోవైపు టెక్స్ట్‌గా ఉన్నట్టు, ఎందుకంటే కౌంట్‌ఇఫ్ ఆ తేడా పట్టించుకోదు, వీలుకప్ పట్టించుకుంటుంది. కౌంట్‌ఇఫ్ కూడా 0 అంటే లెన్ పెట్టి రెండు సెల్స్‌లో ఎన్ని అక్షరాలున్నాయో చూడండి. కనిపించే వాటికన్నా ఎక్కువ వస్తే స్పేస్ ఉంది. ట్రిమ్ (అనవసరమైన స్పేస్‌లు తీసేది) చేసినా పోకపోతే అది వెబ్ నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే 160 నంబర్ స్పేస్, దాన్ని ట్రిమ్ ముట్టుకోదు, సబ్‌స్టిట్యూట్‌లో క్యార్(160) ఇచ్చి తీసేయాలి. 4-25 లాంటి బిల్లు నంబర్ కొట్టగానే తేదీ అయిపోవడం కూడా రోజూ చూసేదే, అందుకే ఎంట్రీకి ముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టుకోండి.

ఒక్క బిల్లు నంబర్‌తోనే వెతుకుతుంటే మాత్రం ఈరోజే మార్చండి. 45 నంబర్ బిల్లు ఇద్దరు సప్లయర్ల దగ్గరా ఉంటుంది, వీలుకప్ మొదట దొరికినవాడిది తెచ్చేస్తుంది. రెండు షీట్లలోనూ సప్లయర్ జీఎస్టీ నంబర్, బిల్లు నంబర్ కలిపి మొదట్లో ఒక కాలమ్ చేసుకుని దాంతో వెతకండి. జీఎస్టీ నంబర్లో అక్షరాలుంటాయి కాబట్టి కలిపినదంతా టెక్స్టే అవుతుంది, అంకె-టెక్స్ట్ గొడవ కూడా అక్కడితో పోతుంది. 045కీ 45కీ తేడా మాత్రం అలాగే ఉంటుంది, అది చేత్తో సరిచేయాల్సిందే.

ఇవన్నీ అయ్యాక కూడా "టూబీలో లేదు" అని మిగిలినవే అసలైనవి. వాటిని ఫిల్టర్ చేసి సప్లయర్ వారీగా పెట్టుకోండి. వాళ్లలో మూడు నెలలకోసారి రిటర్న్ వేసేవాళ్లుంటే బిల్లు ఆలస్యంగా రావచ్చు, కంగారు పడక్కర్లేదు. నెలనెలా వేసేవాళ్లకి మాత్రం వచ్చే 11వ తేదీలోపే ఫోన్ చేయండి, ఆలోగా జీఎస్టీఆర్-1లో (సప్లయర్ తన అమ్మకాలకి వేసే రిటర్న్) ఎక్కిస్తే 14న వచ్చే టూబీలో పడుతుంది.