చలికోట్లు తగిలించే పలక: డ్రైవాల్ గోడకు ఎలా బిగించాలి?

ప్రశ్న: మిషిగన్‌లో మాకిది మొదటి చలికాలం. కోట్ల కోసం గుమ్మం పక్కన గోడకు మేకులు కొడితే సున్నంతో సహా ఊడొస్తున్నాయి. అద్దె ఇల్లు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: అది సున్నం కాదండీ, జిప్సం. మన ఊళ్లో గోడంటే ఇటుక, సిమెంటు. డ్రిల్లు వేసి ప్లగ్గు దిగ్గొడితే ఎక్కడైనా నిలుస్తుంది. ఇక్కడ గోడకు బిగించేది జిప్సం షీటు, దాన్నే డ్రైవాల్ అంటారు, సాధారణంగా అర అంగుళం మందం. దాని వెనక నిలువుగా చెక్కలుంటాయి, వాటినే స్టడ్స్ అంటారు. చాలా ఇళ్లలో 16 అంగుళాలకొకటి, కొన్నింట్లో 24కు ఒకటి. వెడల్పు ఒకటిన్నర అంగుళమే. మీ మేకులు వాటికి తగిలి ఉండవు.

బరువు మోయాల్సింది స్టడ్డే. కానీ 16 అంగుళాలకో కొక్కెం పెడితే నలుగురున్న ఇంటికి చాలదు, దగ్గరగా పెడదామంటే ప్రతిదానికీ స్టడ్ దొరకదు. అందుకే మధ్యలో ఒక పలక. పలకను స్టడ్స్‌కు బిగించి, కొక్కేలను దాని మీద ఆరేడు అంగుళాల ఎడంతో పెట్టుకోవచ్చు.

హోమ్ డిపో, లోవ్స్ లాంటి ఇంటి సామాన్ల దుకాణంలో ‘వన్ బై ఫోర్’ పైన్ చెక్క పలక తీసుకోండి. పేరుకే ఒకటి, నాలుగు! కొలిస్తే ముప్పావు అంగుళం మందం, మూడున్నర అంగుళాల వెడల్పు. వంకర ఉందేమో ఒక చివర కన్నుపెట్టి చూసుకోండి. 36 అంగుళాలకు కోయిస్తే 16 అంగుళాల లెక్కన రెండు స్టడ్స్ కచ్చితంగా దాని వెనక పడతాయి. శాండ్ పేపర్‌తో రుద్ది, రంగు వేసి, ఆరాక కొక్కేలు బిగించండి. కొక్కెం స్క్రూ పలక మందం కన్నా పొట్టిగా ఉండాలి, లేకపోతే మొన వెనక్కి పొడుచుకొస్తుంది.

స్టడ్ ఎక్కడుందో చూపే పరికరం, స్టడ్ ఫైండర్, కొనకపోయినా ఫర్వాలేదు. గట్టి అయస్కాంతాన్ని గోడ మీద మెల్లగా జరపండి. డ్రైవాల్‌ను స్టడ్‌కు బిగించిన స్క్రూల దగ్గర అది అతుక్కుంటుంది. పలక కప్పేసే చోటే సన్నమేకు కొట్టి, చెక్క తగులుతోందో లేదో చూడండి. స్విచ్‌కు, ప్లగ్ పాయింట్‌కు నేరుగా పైనా కిందా మాత్రం డ్రిల్లు పెట్టకండి, వైర్లు అటే వెళ్తుంటాయి.

స్క్రూలు రెండున్నర అంగుళాలవి కావాలి. పలక, డ్రైవాల్ కలిపి అంగుళంపావు పోగా, మిగతా అంగుళంపావు స్టడ్‌లోకి దిగుతుంది. ఎనిమిదో నంబరు స్క్రూకైతే ముందు 1/8 అంగుళం బిట్‌తో రంధ్రం చేయండి. ఒక్కో స్టడ్‌కు రెండు స్క్రూలు. ఒకటి వేశాక, పలక వాలకుండా సమంగా ఉందో చూపే లెవెల్ పెట్టి సరిచూసుకుని మిగతావి వేయండి. ఫోన్‌లోని లెవెల్ కూడా పనికొస్తుంది.

పెద్దలకు నేల నుంచి అయిదడుగుల పైన బాగుంటుంది. పిల్లలకు మూడున్నర అడుగుల దగ్గర ఇంకో పొట్టి పలక వేయండి. వాళ్ల కోట్లు నేలమీద పడేస్తున్నారని అరిచే అమ్మానాన్నలు ముందు ఈ పని చేయాలి! తలుపు పూర్తిగా తెరిచినప్పుడు కోట్లకు తగలకుండా చూసుకోండి.

ఎత్తైన అపార్ట్‌మెంట్ టవర్లలో స్టడ్స్ రేకువి కావచ్చు. వాటికి ఈ స్క్రూలు సరిగా పట్టవు, వెనక రెక్కలు విచ్చుకుని పట్టుకునే టోగుల్ బోల్ట్‌లు వాడాలి.

ఇక అద్దె సంగతి. లీజులో గోడకు రంధ్రాల గురించి ఏం రాసుందో చూసి, ఓనర్‌కు ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రంధ్రాల్లో స్పాకిల్ అనే పూడ్చే పేస్టు నింపి, ఆరాక రుద్ది, అదే రంగు అద్దితే సరి. ఇప్పటికే మేకులు ఊడిన చోట్లకూ అదే మందు.