నచ్చలేదని చెప్పు, ఎక్కడ నచ్చలేదో కూడా చెప్పు

చిన్నీ,

మొన్న రాత్రి నీ ఫోన్ పెట్టేశాక పడుకున్నానే గానీ నిద్ర పట్టలేదే, అందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నా, ఫోన్లో అయితే సగంలో నీకు ఆఫీస్ కాల్ వస్తుంది, నాకేమో పొయ్యి మీద పాలు పొంగుతాయి. బెంగళూరులో మీ తెలుగు పుస్తకాల వాళ్లంతా కూర్చుని బుచ్చిబాబు నవల "చివరకు మిగిలేది" గురించి మాట్లాడుకుంటుంటే నీ వంతు వచ్చిందనీ, "నాకు బోర్ కొట్టింది, దీనికి అంత సీన్ లేదు" అన్నావనీ, అంతే అందరూ గప్‌చుప్ అయిపోయారనీ, ఆ పుస్తకం తెచ్చిన పెద్దాయన మొహం చిన్నబోయిందనీ, ఇంక నేను వెళ్లను అత్తా అనీ అన్నావు. వెళ్లనన్న మాట మాత్రం అనకు తల్లీ. పుస్తకాలు చదివే నలుగురు దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు, ఇక్కడ విజయవాడలో మేం అయిదుగురం ఆడవాళ్లం ఒకళ్లింట్లో చాప పరుచుకుని మొదలుపెట్టింది ఇన్నేళ్లు నిలబెట్టుకోడానికి ఎన్ని అలకలు, ఎన్ని బుజ్జగింపులు పడ్డామో.

ఒక సంగతి చెప్తా విను. నువ్వు అక్కడ "బోర్" అన్నావు. కానీ నాకు ఫోన్లో ఏం చెప్పావో గుర్తుందా? ఆ హీరో దయానిధి ప్రతిదానికీ ఆలోచిస్తూ కూర్చుంటాడు, తల్లి మీద జనం వేసిన నింద వాణ్ణి జీవితాంతం వెంటాడింది సరే ఒప్పుకుంటా, కానీ వాడి జీవితంలోకొచ్చిన ఆ కోమలి గానీ అమృతం గానీ లోపల్లోపల ఏమనుకుంటున్నారో నాకు అందలేదు, అందర్నీ వాడి కళ్లతోనే చూడాల్సి వచ్చింది, అక్కడ ఊపిరాడలేదు అన్నావు. అదీ అభిప్రాయం అంటే! ఆ ముక్క అక్కడ చెప్పి ఉంటే ఆ పెద్దాయన చిన్నబుచ్చుకునేవారు కాదు, కుర్చీ ముందుకి లాక్కుని నీతో వాదనకి దిగేవారు. బుచ్చిబాబు కావాలనే ఆ మనిషి తలలో మనల్ని కూర్చోబెట్టాడమ్మా అనేవారు, నువ్వు అయితే నాకు అక్కడ కూర్చోవాలని లేదండీ అనేదానివి, సాయంత్రం ఎంత బాగా గడిచేది.

అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, ఎక్కడ ఆగావో చెప్పు. పుస్తకం చదువుతూ చదువుతూ ఒకచోట మనసు ఆగుతుంది, ముచ్చటేసి ఆగుతుంది లేదా విసుగొచ్చి ఆగుతుంది, ఆ చోటు చూపించు. అది చూపించావంటే అవతలి వాళ్లు కూడా ఆ పేజీ దగ్గరికొచ్చి నీ పక్కన నిలబడతారు. "బాగుంది", "బాలేదు" అని ఊరుకుంటే నిలబడటానికి వాళ్లకి చోటెక్కడిది?

అసలు మన భాషలోనే ఉంది చూడు. నచ్చడం అన్నామంటే ముందు "నాకు" అనో "వాడికి" అనో రావాల్సిందే, ఎవరికి నచ్చలేదో చెప్పకుండా ఆ మాట కుదరదు. "బాలేదు" అన్నామనుకో, అది ఎవరి మాటో తెలీదు, ఊరందరి తరఫునా తీర్పు చెప్పినట్టుంటుంది. నాకు నచ్చలేదు అంటే అది నీకూ పుస్తకానికీ మధ్య జరిగిన సంగతి, దాన్ని ఎవరూ కాదనలేరు. బాలేదు అంటే మాత్రం ఎందుకు బాలేదో నిరూపించే బాధ్యత నీ మీద పడుతుంది, అప్పుడప్పుడు అదీ అవసరమే, అనొద్దనట్లేదు, అనేటప్పుడు పుస్తకం నీ ఒళ్లో ఉండాలి, వాక్యం చదివి వినిపించగలగాలి.

ఇదంతా నాకు పుట్టుకతో రాలేదు, ఒక మనిషిని బాధపెట్టి నేర్చుకున్నా. మా గుంపులో ఒకావిడ ఉండేది, పేరెందుకులే. ఒకసారి యద్దనపూడి సులోచనారాణి గారి "సెక్రటరీ" మాటొచ్చింది. అప్పుడు నాకు ముప్ఫై దాటాయి, చలం, కొడవటిగంటి, రావిశాస్త్రి అందర్నీ వరసబెట్టి చదివేసి ఉన్నా, కార్లూ మేడలూ కోటీశ్వరుడైన హీరో, ఇవి చదివే ఆడవాళ్లు పాడైపోతున్నారు అని గట్టిగా అనేశా, ఇంకా ఏవేవో అన్నా. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. తర్వాత నాలుగు నెలలు రాలేదు. ఎందుకా అని ఇంటికి వెళ్తే అప్పుడు చెప్పింది, పెళ్లయిన కొత్తలో అత్తారింట్లో పగలంతా చాకిరీ చేసి, రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో బల్బు కింద అద్దెకి తెచ్చుకున్న నవల చదువుకునేదట, ఆ జయంతి ఉద్యోగం చేసుకుంటూ ఆ రాజశేఖరానికి ఎదురు నిలబడి జవాబు చెప్తుంటే నా తరఫున ఎవరో మాట్లాడుతున్నట్టుండేది అంది. ఆ మాట నేనింకా మర్చిపోలేదే. ఆ నవల మీద నా అభిప్రాయం ఇవాళ్టికీ పెద్దగా మారలేదు, కానీ ఆ రోజు నేను నవలని అననేలేదు, దాన్ని చదివిన ఆవిణ్ణి అన్నా. అక్కడ తప్పు చేశా. అప్పట్నుంచి ఎవరికైనా ప్రాణమైన పుస్తకం నాకు నచ్చలేదనుకో, ముందు మీరు ఇది ఎప్పుడు చదివారండీ అని అడుగుతా. వాళ్లు చెప్పేది పూర్తిగా వింటా. ఆ తర్వాతే నా మాట.

వినడం అన్నానని నోరు మూసుకోమనుకునేవు, అది కాదే నేను చెప్పేది. అందరూ తల ఊపుతున్నారని నువ్వూ ఊపితే ఆ పుస్తకానికీ మర్యాద లేదు, నీకూ లేదు. మాలో "వేయిపడగలు" మీద జరిగినంత గొడవ ఇంక దేనిమీదా జరగలేదు. ఒకాయన, కాలేజీలో పాఠాలు చెప్పేవాడు, విశ్వనాథ వారి కుల ధర్మాల పట్టింపు నాకు సుతరామూ పడదు అని మొదలుపెట్టి, ఎక్కడెక్కడ పడదో గుర్తులు పెట్టిన కాగితాలు తీసి ఒక్కొక్కటే చదివి మరీ దులిపేసేవాడు. అదే మనిషి ఆ నవలలో పసిరిక అనే పిల్లాడి దగ్గరికొచ్చేసరికి గొంతు మారిపోయేది, దేవదాసి గిరిక గురించి మాట్లాడుతూ కళ్లు తుడుచుకోవడం నేను చూశా. అంత విరోధం, అంత ప్రేమ ఒకే పుస్తకం మీద ఒకే మనిషికి ఉండొచ్చు చిన్నీ, రెండూ చెప్పొచ్చు, ఒకటి చెప్పడానికి రెండోది దాచుకోనక్కర్లేదు. పూర్తి చెయ్యలేకపోతే అదీ చెప్పెయ్. నూరు పేజీల దగ్గర ఆపేశానండీ, ఇదిగో ఇందుకు ఆపేశా అను, కానీ చదవని మిగతా పేజీల మీద మాత్రం మాట తూలకు. ఇంకోటి, నువ్వు చదువుకున్నదంతా ఇంగ్లీషు మీడియం కదా, పాత తెలుగు నెమ్మదిగా చదువుతావు, దానివల్ల కూడా బరువనిపించిందేమో, ఆ సంగతి కూడా చెప్పుకో, తప్పేం లేదు, ఎవరో ఒకరు గట్టిగా చదివి వినిపిస్తామంటారు, విన్నప్పుడు అదే వాక్యం వేరేగా ఉంటుంది.

నీకు ఇంకో పని చెప్తా, నచ్చని పుస్తకాన్ని దాని చుట్టాల పక్కన పెట్టి చూడు. దయానిధి మీద విసుగొచ్చిందన్నావు కదా. గోపీచంద్ "అసమర్థుని జీవయాత్ర"లో సీతారామారావు ఉన్నాడు, రావిశాస్త్రి "అల్పజీవి"లో సుబ్బయ్య ఉన్నాడు, ముగ్గురూ లోలోపలే నలిగిపోయే మగాళ్లే, ఇంచుమించు ఒకే కాలంలో పుట్టినవాళ్లు. మరి పోయినేడు సుబ్బయ్య గురించి నువ్వే నాకు గంటసేపు చెప్పావే, పాపం పాపం అన్నావే! సుబ్బయ్య మీద జాలి ఎందుకొచ్చింది, దయానిధి మీద విసుగెందుకొచ్చింది? సుబ్బయ్య భయం ఎదురుగా ఉన్న మనుషుల వల్లా డబ్బు వల్లా పుట్టింది కాబట్టా, రావిశాస్త్రి భాష వల్లా? నాకు తెలిసి రెండూ సగం సగం కారణం, నువ్వేమంటావో చూడాలని ఉంది. ఈ ప్రశ్న మీ వాళ్ల ముందు పెట్టు.

ఇష్టమైన పుస్తకం గురించి చెప్పడం మరీ కష్టం, అది చాలామందికి తెలీదు. సూపర్, మస్ట్ రీడ్, గుండె పిండేసింది, ఇలాంటివి అంటే వినేవాళ్లకి ఏం అందుతుంది చెప్పు. "మహాప్రస్థానం"కి ముందుమాట రాయమన్నప్పుడు కవిత్వాన్ని తూచే రాళ్లు నా దగ్గర లేవని చలం అంటే, తూచొద్దు, అనుభవించి పలవరించమని శ్రీశ్రీ అన్నాడట, ఆ సంగతి చలమే "యోగ్యతాపత్రం" అనే ఆ ముందుమాటలో రాసుకున్నాడు. పుస్తకం 1950లో వచ్చింది, ఇప్పటికీ ఆ ముందుమాట కోసమే ఆ పుస్తకం తీసేవాళ్లున్నారు, నేనూ అంతే. పలవరించడం అంటే ఊరికే పొగడటం కాదే, నీకేం జరిగిందో చెప్పుకోవడం.

నా మటుకు నాకు "కాలాతీత వ్యక్తులు" అలాంటిది. డాక్టర్ శ్రీదేవి గారు రాసిన ఒకే ఒక్క నవల, "తెలుగు స్వతంత్ర"లో సీరియల్‌గా వచ్చింది, ఆవిడ 1961లోనే, ఎంతో చిన్న వయసులో పోయారు, దాని ఆధారంగా తీసిన "చదువుకున్న అమ్మాయిలు" సినిమా 1963లో వచ్చేనాటికి ఆవిడ లేరు, ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపులో తిప్పినట్టవుతుంది. కాలేజీ రోజుల్లో మొదటిసారి చదివినప్పుడు అందులో ఇందిర అంటే నాకు ఒళ్లుమంట. స్వార్థపరురాలు, మాట పెళుసు, కల్యాణి ఎంత మంచిది, అని అందరితో వాదించేదాన్ని. తర్వాత మీ తాతయ్య మంచాన పడి, ఇంటి అప్పులన్నీ నా ఒక్కదాని జీతం మీద పడ్డాయి కదా, ఆ రోజుల్లో ఒక సెలవు పూట మళ్లీ తీశా. ఉద్యోగం చేసి ఇల్లు మోసే ఇందిర నాకూ కాస్త సుఖం కావాలి అనుకుంటే దాన్ని స్వార్థం అన్నానే అని ఆ పుస్తకం మీదే ఏడ్చాను. ఆ పిరికి ప్రకాశం మీద అప్పుడొచ్చిన కోపం మాత్రం ఇంకా పోలేదు. ఇది మా వాళ్లకి చెప్పిన రోజున ఏమైందంటే, ఎప్పుడూ నోరు తెరవని ఒకమ్మాయి లేచి నాకు ఇప్పటికీ కల్యాణే ఇష్టం ఆంటీ, మెత్తగా ఉన్నవాళ్లకి బలం లేదని ఎవరన్నారు అంది, చీకటి పడేదాకా మాట్లాడుకున్నాం, ఎవరూ ఎవర్నీ ఒప్పించలేదు.

ఇష్టమైనదాని గురించి చెప్పేటప్పుడు చివర మాత్రం చెప్పెయ్యకు, చదవనివాళ్లు ఎవరున్నారో ముందు అడుగు. పుస్తకం చేతికిచ్చి రోజూ చదివావా చదివావా అని ప్రాణం తియ్యకు, అలా నేను ఇచ్చినవి సగం చదవకుండానే వెనక్కొచ్చాయి.

రాసినవాళ్లే ఎదురుగా ఉంటే ఎలా అని నువ్వు అడగలేదు గానీ ఆ రోజూ వస్తుంది. మన దగ్గర ఆవిష్కరణ సభ అవ్వగానే సంతకం పెట్టి పుస్తకం చేతిలో పెట్టి అభిప్రాయం చెప్పండి అంటారు, చాలామంది సొంత డబ్బుతో వేయించుకున్నవాళ్లు, వాళ్ల కళ్లలోకి చూసి అబద్ధం చెప్పడం చాలా తేలిక. చెప్పకు. చదవకుండా అయితే అస్సలు చెప్పకు. నలభై కవితల్లో ఒక్కటి నచ్చినా ఆ ఒక్కటి పేరు పెట్టి, ఏ పాదమో చెప్పు, పొగడ్త కాగితం కంటే వాళ్లకి అదే గుర్తుంటుంది. మిగతావి ఎందుకు అందలేదో వాళ్లు అడిగితే చెప్పు, పదిమందిలో వద్దు, పక్కకి పిలిచి చెప్పు.

ఈ ఆదివారం వెళ్లు. ఆ పెద్దాయన దగ్గర కూర్చుని "చివరకు మిగిలేది" మీరు ఎప్పుడు చదివారండీ అని అడుగు, ఆ తర్వాత నీకు ఎక్కడ ఊపిరాడలేదో ఆ పేజీ తీసి చూపించు. సారీ గీరీ ఏం అక్కర్లేదు. పెన్సిల్ దగ్గర పెట్టుకుని చదువు, పెన్ను వద్దు, మళ్లీ చదివినప్పుడు చెరుపుకోవాలనిపిస్తుంది.

మీ నాన్న బుక్ ఫెయిర్‌కి వస్తానంటున్నాడు, నువ్వూ జనవరిలో సెలవు పెట్టుకుని రా, ఏలూరు రోడ్డు షాపులు కూడా ఒక పూట చూద్దాం. నా "కాలాతీత వ్యక్తులు" కాపీ బీరువా పై అరలో ఉంది, తీసుకెళ్లు. ఇందిర పక్కన పెన్సిల్‌తో "ఛీ" అని రాసి ఉంటుంది ఒకచోట, అది నా ఇరవయ్యో ఏటి రాత, చెరపలేదు. దాని కింద ఖాళీ ఉంది, నువ్వేం రాస్తావో రాయి.

మీ అత్త