ఒకే సొనాటాకు ఇన్ని రికార్డింగులుంటే ఏది వినాలి?

పియానో సొనాటాల రికార్డింగులను పోల్చుకోవడం, ఎంచుకోవడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఐదింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: బీథోవెన్ ‘మూన్‌లైట్’ సొనాటాను ఐదుగురు పియానిస్టుల రికార్డింగుల్లో వరుసగా విన్నాను. ఏది చివర వింటే అదే బాగున్నట్టు అనిపిస్తోంది. సమీక్షలు చూద్దామంటే ఒకరు ఆకాశానికెత్తినదాన్ని మరొకరు తీసిపారేస్తున్నారు. పోల్చి వినడానికి ఒక పద్ధతంటూ ఉందా?

జవాబు: ఉంది. చివర విన్నదే బాగుందనిపించడం మీ చెవి లోపం కాదు, విన్న తీరులోని లోపం. ఈ సొనాటా వాయించడానికి సుమారు పదిహేను నిమిషాలు పడుతుంది. ఐదుగురినీ వరుసగా వినేసరికి గంట దాటుతుంది, అప్పటికి మొదటివారి వాయింపు గురించి మీ దగ్గర మిగిలేది ఒక అభిప్రాయమే గానీ ఆ ధ్వని కాదు. అందుచేత సొనాటా మొత్తాన్ని కాక, నిమిషం నిడివి ఉన్న రెండు మూడు చోట్లను ఎంచుకుని, ఆ చోట్లనే ఐదుగురిలోనూ వెంటవెంటనే వినండి. అంతకు ముందు చేయవలసిన పని ఒకటుంది: అన్ని రికార్డింగుల శబ్దస్థాయినీ చెవికి ఒకటిగా తోచేలా సరిచేసుకోవాలి. రెండింటిలో కాస్త బిగ్గరగా వినిపించేదే మరింత నిండుగా, ప్రాణం ఉన్నట్టుగా అనిపిస్తుంది. మైకును తీగలకు దగ్గరగా పెట్టి తీసిన రికార్డింగు, హాలులో దూరంగా పెట్టి తీసినదాని ముందు ఈ కారణంగానే గెలిచినట్టు కనిపిస్తుంది, నిజానికి అక్కడ గెలిచింది పియానిస్టు కాదు.

ఇక ఏ చోట్లను ఎంచుకోవాలన్నది ముఖ్యం. 1801 నాటి ఈ సొనాటా తొలి భాగం నెమ్మదిగా సాగాలని బీథోవెన్ రాశాడు గానీ, బారుకు (తాళం ఒక్కో ఆవృత్తానికి) నాలుగు బీట్లు కాకుండా రెండు బీట్లు లెక్కించే గుర్తు వేశాడు. అంటే అది నెమ్మదే తప్ప ఈడ్పు కాదు. ఆరు నిమిషాలు దాటించే రికార్డింగుల్లో కింద మూడేసి స్వరాలుగా నడిచే అలలు విడివిడి చుక్కలైపోయి, పైన పాడవలసిన రాగం ఊపిరి అందక తెగిపోతున్నదేమో గమనించండి. ఈ భాగాన్ని డాంపర్లు (తీగ మోతను ఆపే మెత్తలు) ఎత్తి ఉంచి వాయించాలని కూడా ఆయన రాశాడు. నేటి పియానోలో ధ్వని చాలాసేపు నిలుస్తుంది కాబట్టి ఆ మాటను అక్షరాలా పాటిస్తే స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అందుకే ఎక్కువమంది సామరస్యం (కలిసి మోగే స్వరాల కూర్పు) మారినప్పుడల్లా పెడల్ (డాంపర్లను ఎత్తే కాలిమీట) మారుస్తారు, కొద్దిమంది ఆ కలగాపులగాన్నే కావాలని ఒప్పుకుంటారు. రెంటిలో ఏది మీకు నచ్చుతుందో తేల్చుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

రెండో పరీక్షాస్థలం చివరి భాగం ఆరంభం. కింది నుంచి పైకి దూసుకుపోయే స్వరాల వరుస మెత్తగా మొదలై, శిఖరం మీద రెండు దెబ్బలు (ఒకేసారి మోగే స్వరాల గుచ్ఛాలు) మాత్రమే పేలాలని రాతప్రతి చెబుతుంది. మొదటి స్వరం నుంచే బిగ్గరగా బాదేవారు ఎంత వేగంగా వాయించినా, ఆ రెండు దెబ్బలకూ ఇక మిగిల్చేది ఏమీ ఉండదు. బీథోవెన్ మరో సొనాటా ‘అపస్సియొనాటా’ చివరి భాగంలోనూ ఇదే చిక్కు. ‘వేగంగా, కానీ మరీ అంత కాదు’ అని బీథోవెన్ మొదటే హెచ్చరించింది, చివర రాబోయే ‘ప్రెస్టో’ (అతి వేగం) కోసం చోటు ఉంచుకోమని. మొదటి నుంచే ఉరికినవారి దగ్గర ఆ ప్రెస్టో వచ్చిందో లేదో కూడా తెలియదు. వేగాన్ని చూసి మురిసిపోయే అలవాటు శ్రోతల్లో చాలామందికి ఉంది, నాకూ చాలాకాలం ఉండేది.

సమీక్షల విషయానికి వస్తే, వాటిని కొట్టిపారేయవద్దు గానీ, వినక ముందు చదవకండి. జాయిస్ హాటో అనే బ్రిటిష్ పియానిస్టు పేరు మీద వెలువడిన ఎన్నో సీడీలు గొప్ప ప్రశంసలు అందుకున్న తరువాత, అవి ఇతరుల రికార్డింగుల నుంచి ఎత్తినవని 2007లో బయటపడింది. కొన్నింటిలో వేగాన్ని కూడా కొద్దిగా మార్చారు. పేరూ, దాని వెనుక కథా తెలిస్తే చెవి ఎంత సులువుగా ఒప్పేసుకుంటుందో దీన్ని బట్టి అర్థమవుతుంది. ఇంట్లో మరొకరి చేత రికార్డింగులను పేర్లు చెప్పకుండా పెట్టించుకుని వినగలిగితే, అంతకు మించిన సమీక్ష మీకు దొరకదు.

ప్రశ్న: బీథోవెన్ సొనాటాలకు ఆర్తుర్ ష్నాబెల్ రికార్డింగులే ప్రమాణమని ఎక్కడ చూసినా రాస్తున్నారు. విన్నాను. గరగర శబ్దం, అక్కడక్కడ తప్పు స్వరాలు. అందరూ మెచ్చేదేమిటో నాకు అంతుపట్టలేదు.

జవాబు: మీకు వినిపించినవి రెండూ నిజమే, మర్యాద కోసం లేవని చెప్పను. పియానిస్టు ష్నాబెల్ బీథోవెన్ రాసిన 32 పియానో సొనాటాలనూ 1932 నుంచి 1935 వరకు లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో రికార్డు చేశాడు, మొత్తం 32నూ రికార్డు చేసిన మొదటి పియానిస్టు ఆయనే. అప్పటి రికార్డుకు ఒక్కో వైపు పట్టేది సుమారు నాలుగు నిమిషాలే. ఆ నాలుగు నిమిషాలనూ ఏకబిగిన వాయించాలి, పొరపాటు జరిగితే ఆ ముక్క మొత్తం మళ్ళీ వాయించాలి తప్ప, ఒక్క స్వరాన్ని కత్తిరించి అతికించే వీలు లేదు. టేపు వచ్చాకనే ఆ వెసులుబాటు వచ్చింది. కాబట్టి నేటి రికార్డింగుల్లోని నిర్దుష్టతతో ఆయన్ను పోల్చడం ఒకే త్రాసులో తూచడం కాదు. ఈనాటి సీడీలో వినబడే ‘ఒక్క వాయింపు’ ఎన్నో వాయింపుల ముక్కల కూర్పు కావచ్చు.

అయితే ఆయనను మెచ్చుకునేది పాతవాడన్న గౌరవంతో కాదు. ‘హామర్‌క్లావియర్’ సొనాటా (ఓపస్ 106, అంటే బీథోవెన్ రచనల్లో 106వ సంఖ్య) తీసుకోండి. తన పియానో సొనాటాలన్నింటిలో బీథోవెన్ మెట్రోనోమ్ (నిమిషానికి ఇన్ని బీట్లని కొలిచే యంత్రం) అంకెలు ఇచ్చింది దీనికొక్కదానికే. తొలి భాగానికి ఆయన రాసింది నిమిషానికి 138 హాఫ్ నోట్లు (నిడివిని బట్టి లెక్కించే స్వరాలు), దాదాపు అసాధ్యమనిపించే వేగం. ష్నాబెల్ దాన్ని అందుకోబోయి అక్కడక్కడ తొట్రుపడి, తొమ్మిది నిమిషాల లోపే ముగిస్తాడు. ఎమిల్ గిలెల్స్ 1980ల ఆరంభంలో చేసిన రికార్డింగులో అదే భాగం పన్నెండు నిమిషాలకు పైగా సాగుతుంది, ఒక్క స్వరం కూడా జారదు, ప్రతి పొరా విడివిడిగా వినిపిస్తుంది. గిలెల్స్ కట్టింది మహాసౌధం, ష్నాబెల్ చూపింది దాన్ని కట్టేవాడి తొందర. రెండూ విన్నాక ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అనలేము, కానీ నాలుగోసారి వినాలనిపించేది ఏదన్నది మాత్రం ఎవరికి వారు చెప్పుకోగలరు. నా మటుకు నాకు తొలి భాగానికి ష్నాబెల్, మూడో భాగమైన ఆ సుదీర్ఘ అదాజియోకు (నెమ్మది భాగానికి) గిలెల్స్.

మరొక మాట. ఆ పాత రికార్డులను వేర్వేరు సంస్థలు వేర్వేరుగా డిజిటల్ రూపంలోకి మార్చాయి. గరగర వినిపించకుండా గట్టిగా వడకట్టిన చోట పియానో మెరుపు కూడా దానితోపాటే పోయి, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. కొంచెం గరగర మిగిల్చిన ప్రతినే ఎంచుకోండి, పది నిమిషాలయ్యాక చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఇంత చెప్పినా, మీరు కొనే మొదటి బీథోవెన్ ష్నాబెల్ కానవసరం లేదు. ఆయన రెండోవాడిగా వస్తేనే బాగా అర్థమవుతాడు.

ప్రశ్న: 32 సొనాటాల పూర్తి సెట్టు ఒకరిదే కొనడం మంచిదా, విడివిడిగా ఏరుకోవడం మంచిదా?

జవాబు: ఏరుకోవడమే మంచిది. 32 సొనాటాలకూ సమానంగా సరిపోయే పియానిస్టు ఇంతవరకు నా చెవిన పడలేదు. సెట్లు కూడా మనం అనుకున్నంత పూర్తిగా ఉండవు. గిలెల్స్ 1985లో మరణించేనాటికి ఐదు సొనాటాలు మిగిలిపోయాయి, వాటిలో చివరిదైన ఓపస్ 111 ఒకటి. విల్‌హెల్మ్ బాక్‌హౌస్ స్టీరియోలో రెండోసారి మొదలుపెట్టి, ‘హామర్‌క్లావియర్’ ఒక్కటీ మిగలగా 1969లో మరణించాడు, ఆ సెట్టులో దాని స్థానంలో ఆయన పాత మోనో రికార్డింగే ఉంటుంది. హంగరీకి చెందిన అన్నీ ఫిషర్ 1970ల చివర మొదలుపెట్టి అన్నీ పూర్తిచేసి కూడా తృప్తిపడక, బతికుండగా సెట్టును విడుదల చేయనివ్వలేదు. 1995లో ఆమె మరణించిన తరువాతనే అది బయటికి వచ్చింది. తొలినాళ్ళ సొనాటాల్లోని ఉక్రోషం తెలియాలంటే ఆమెనే వినాలి. ఆల్‌ఫ్రెడ్ బ్రెండెల్ మూడు దశాబ్దాల వ్యవధిలో మొత్తం వరుసను మూడుసార్లు రికార్డు చేశాడంటే, తన నిన్నటి జవాబు ఆయనకే చాలలేదన్నమాట.

ఒక్క సెట్టుతోనే ప్రారంభించాలని మీరు పట్టుబడితే విల్‌హెల్మ్ కెంప్ఫ్ 1964-65లో చేసిన స్టీరియో సెట్టు తీసుకోండి. ఆయన బలం చూపడు, ‘అపస్సియొనాటా’లో ఆ లోటు తెలుస్తుంది. కానీ ప్రతి రాగాన్నీ మాట్లాడుతున్నట్టు పలికిస్తాడు కాబట్టి, సొనాటా నిర్మాణం కొత్త శ్రోతకు దారి తప్పకుండా అందుతుంది. చివరి ఐదు సొనాటాలకు మాత్రం మౌరీత్సియో పొల్లీని 1975-77 రికార్డింగును దాని పక్కన చేర్చుకోండి. అందులో తీయదనం తక్కువే, కానీ స్పష్టత ఎంతంటే ఓపస్ 106లో ఒకే రాగం ఒకదాని వెంట ఒకటిగా అల్లుకునే ఫ్యూగ్‌ను స్వరం స్వరం విడదీసి చూపినట్టుంటుంది.

ప్రశ్న: షూబర్ట్ చివరి సొనాటా (డి. 960) తొలి భాగం ఒక రికార్డింగులో పద్నాలుగు నిమిషాలు, మరొకదానిలో ఇరవైకి పైనే ఉంది. ఒకరు కత్తిరించారా, లేక ఇంకొకరు అంత నెమ్మదిగా వాయించారా?

జవాబు: ఎక్కువ తేడా రిపీట్ వల్ల వస్తుంది. ఎక్స్‌పొజిషన్ అనే తొలి ఖండాన్ని రెండుసార్లు వాయించాలని షూబర్ట్ గుర్తు పెట్టాడు. దాన్ని పాటిస్తే ఐదారు నిమిషాలు పెరుగుతాయి. అసలు వివాదం ఆ నిమిషాల గురించి కాదు, రిపీట్ చేసేవారికి మాత్రమే దక్కే తొమ్మిది బార్ల గురించి. మొదటిసారి ముగిసి వెనక్కి వెళ్ళే ఆ చోట, మరెక్కడా రాని సంగీతం వస్తుంది. సొనాటా ఆరంభంలో అతి మంద్రంలో, దూరపు ఉరుములా మెత్తగా వినిపించిన ట్రిల్ (పక్కపక్క స్వరాల కంపనం) అక్కడ ఒక్కసారి భయంకరంగా గర్జిస్తుంది. ఈ తొమ్మిది బార్లు మిగతా భాగపు స్వభావానికి పొసగవని బ్రెండెల్ రిపీట్‌ను కావాలనే వదిలేశాడు. ఆ ఉరుము వెనుక తుఫాను నిజంగానే ఉందని తెలిసేది ఆ ఒక్క క్షణంలోనే కదా, దాన్ని ఎలా వదులుతామన్నది అవతలివారి వాదన. నేను రెండో పక్షమే. రిపీట్ లేనివాటిలో ఎంత అందమైన వాయింపు విన్నా, ఆ మంద్రపు ట్రిల్ ఒక అలంకారంగానే మిగిలిపోతుంది.

నెమ్మదితనం కూడా ఒక కారణం కావచ్చు. స్వియతొస్లావ్ రిక్టర్ రిపీట్‌తో సహా ఈ భాగాన్ని దాదాపు ఇరవై నాలుగు నిమిషాలు సాగదీస్తాడు. ‘చాలా మితమైన వేగంతో’ అన్న సూచనకు అది ఎంత దూరమో కాగితం మీద సులువుగా నిరూపించవచ్చు, వింటున్నంతసేపు మాత్రం ఆ వాదన నోట రాదు. అయినా దీన్ని మొదటి రికార్డింగుగా ఎంచుకోకండి. ముందు ఈ సొనాటా మామూలు నడకలో ఎలా ఉంటుందో తెలిస్తేనే, రిక్టర్ దాన్ని ఎక్కడికి తీసుకుపోయాడో తెలుస్తుంది. రికార్డింగు నిడివిని చూసేటప్పుడు రిపీట్ ఉందో లేదో ముందు చూసుకుని, ఆ తరువాతనే వేగాన్ని అంచనా వేయండి.

ప్రశ్న: స్టూడియోలో చేసిన రికార్డింగు మేలా, కచేరీలో తీసినది మేలా?

జవాబు: సూత్రంగా చెప్పలేను, ఒక ఉదాహరణ చెబుతాను. మొత్సార్ట్ 1778లో రాసిన ఎ మైనర్ సొనాటా (కె. 310)ను దీనూ లిపాట్టి 1950లో రెండుసార్లు రికార్డు చేశాడు. జూలైలో జెనీవా స్టూడియోలో ఒకటి, సెప్టెంబర్ 16న ఫ్రాన్సులోని బెజాన్సోన్ నగరంలో జరిగిన ఆయన చివరి కచేరీలో మరొకటి. అప్పటికే ఆయన ఆరోగ్యం బాగా క్షీణించింది, ఆ డిసెంబరులోనే మరణించాడు. ఆ కచేరీ కథ తెలిసినవారికి ప్రతి స్వరంలోనూ వీడ్కోలు వినిపించడం సహజం. ఆ కథను కాసేపు పక్కన పెట్టి, ఒకే చేతుల్లో రెండు నెలల తేడాతో పుట్టిన ఈ రెండింటిలోనూ రెండో భాగాన్ని, శబ్దస్థాయి సరిచేసుకుని, వెంటవెంటనే వినండి. పియానిస్టు వేరు, కాలం వేరు అన్న సాకులు ఇక్కడ ఉండవు కాబట్టి, మీకు కావలసింది తీర్చిదిద్దిన పనితనమో, ఎదుట కూర్చున్న మనుషుల కోసం వాయించినప్పుడు వచ్చే బిగువో ఆ పావుగంటలో తేలిపోతుంది.