వ్యాయామ విద్య గ్రేడును సగటులో కలిపే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ బడిలో ఆరు నుంచి తొమ్మిది తరగతుల వారికి వ్యాయామ విద్య గ్రేడును కూడా చదువు సగటులో కలపాలనే ప్రతిపాదన వచ్చిందనీ, స్టాఫ్ మీటింగులో నీ అభిప్రాయం చెప్పమన్నారనీ రాశావు. ఉద్యోగ జీవితమంతా ఆటస్థలంలోనే గడిపినవాణ్ణి కనుక నేను వెంటనే కలపమంటానని నీవు అనుకుని ఉంటావు. ఇప్పుడే కలపవద్దనే నా సలహా. ముందు ఆ గ్రేడు నమ్మదగినదిగా తయారు కావాలి.

తెలంగాణ పదో తరగతి మెమోలో వ్యాయామ విద్యకు సహపాఠ్య అంశాల కింద విడిగా గ్రేడు ఇస్తూ వచ్చారు. సీబీఎస్‌ఈలోనూ తొమ్మిది, పది తరగతులకు అదే పద్ధతి. అదే బోర్డులో పదకొండు, పన్నెండు తరగతుల్లో దీన్ని ఐచ్ఛిక సబ్జెక్టుగా తీసుకున్నవారికి 70 మార్కుల రాతపరీక్ష, 30 మార్కుల ప్రాక్టికల్ ఉంటాయి. అక్కడ సిలబస్ ఉంది, పిల్లలు కోరి ఎంచుకున్నారు, కనుక ఆ మార్కులు మొత్తంలో కలవడం న్యాయం. మన దగ్గర జరిగేది నీకూ తెలుసు. మార్కుల ఎంట్రీకి రేపే గడువనగా ఎవరో ఒకరు రిజిస్టరు ముందేసుకుని పైనుంచి కిందిదాకా ఒకే గ్రేడు రాసుకుంటూ పోతారు; సంక్రాంతి సెలవులు ముగిశాయంటే గేమ్స్ పీరియడ్ లెక్కల మాస్టారి చేతికి వెళ్తుంది. పిల్లలను ఆడనివ్వని పీరియడుకు గ్రేడు వేసి, దానితో ఒకరి ర్యాంకు పెంచి మరొకరిది దించడం ఏ విధంగానూ సమర్థించుకోలేని పని.

రెండో చిక్కు కొలతలో ఉంది. ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షల్లో ఉన్న 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు–నడక మంచివే, తప్పక పెట్టు. కానీ స్టాప్‌వాచ్‌లో కనిపించిన అంకెనే గ్రేడుగా మార్చవద్దు. ఎనిమిదో తరగతిలో మీసాలు వచ్చిన పిల్లవాడూ, ఇంకా ఎదగని పిల్లవాడూ ఒకే వరుసలో నిలబడతారు. ఉబ్బసం ఉన్న ఒక అమ్మాయి జూలైలో సగం దూరం నడిచి కూర్చుండిపోయింది. డాక్టరు సలహాతో, ఇన్‌హేలర్ దగ్గర ఉంచుకుని, వారం వారం కొంత దూరం పెంచుకుంటూ ఫిబ్రవరి నాటికి 600 మీటర్లూ ఆగకుండా పూర్తి చేసింది. అప్పటికీ తరగతిలో అందరికన్నా ఆఖరున వచ్చింది ఆమే. ఆ పిల్లకు నేను పై గ్రేడు వేశాను, ఈనాటికీ అది సరైనదనే నమ్ముతాను.

కాబట్టి ప్రతి బిడ్డకూ ఒక పేజీ కేటాయించి, జూలైలో ఒకసారి, ఫిబ్రవరిలో మరోసారి కొలతలు రాసి, ఆ బిడ్డ మెరుగుదలనూ, పాల్గొన్న తీరునూ చూసి గ్రేడు వెయ్యి. దివ్యాంగులైన పిల్లలకు వారు చేయగలిగిన అంశాలను వారితో మాట్లాడి నిర్ణయించు. నెలసరి రోజుల్లో పక్కన కూర్చున్న అమ్మాయికి గైర్హాజరు వేయకు, కారణం అందరి ముందూ అడగకు.

మీటింగులో మాత్రం ఒక్కటి గట్టిగా అడుగు: వారానికి రెండు గేమ్స్ పీరియడ్లు మార్చి వరకు ఎవరికీ ఇవ్వబోమని హెడ్మాస్టరు గారు టైమ్‌టేబుల్ మీద సంతకం చేయాలి. ఒక ఏడాది అలా నడిచాక, నీ రిజిస్టరు తల్లిదండ్రుల ముందు పెట్టి, సగటు సంగతి అప్పుడు చర్చకు తీసుకురా.