సొంత సైట్‌లో 360 డిగ్రీల ఫోటో పెట్టాలంటే

మామూలు డీఎస్‌ఎల్‌ఆర్‌తో చుట్టూ తిప్పి చూసే ఫోటోలు తీయవచ్చా, వాటిని వేరే సర్వీసులో కాకుండా సొంత సైట్‌లోనే పెట్టుకోవచ్చా అని అడిగారు. రెండూ చేయవచ్చు. నేను చుట్టూ తీసిన ఫోటోలను హ్యూజిన్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒకటిగా అతికించి, పానెల్లమ్ అనే వ్యూయర్‌తో (బ్రౌజర్‌లో ఫోటోను చుట్టూ తిప్పి చూపించే ప్రోగ్రామ్) సైట్‌లో చూపిస్తాను. రెండూ ఉచితం, ఓపెన్ సోర్స్.

చాలామంది ఏ వ్యూయర్ వాడాలా అని బుర్ర బద్దలుకొట్టుకుంటారు. నా మాట వినండి, మీ ఓపికంతా ట్రైపాడ్ దగ్గర పెట్టండి. కెమెరాను అడుగునున్న స్క్రూ మీద తిప్పితే లెన్స్ పక్కకు జరుగుతుంది. దాంతో దగ్గరున్న వస్తువు, దాని వెనకున్న వస్తువుతో పోలిస్తే ఒక్కో ఫోటోలో ఒక్కో చోట పడుతుంది. అతికించాక కిటికీ చువ్వ మధ్యలో తెగిపోయి కనిపించేది ఇందుకే. కంప్యూటర్ ముందు ఎంతసేపు కూర్చున్నా ఇది పూర్తిగా పోదు. లెన్స్‌ను ముందు నుంచి చూస్తే లోపల అపర్చర్ (కాంతి లోపలికి వచ్చే రంధ్రం) కనిపించే చోటు ఉంటుంది కదా, సరిగ్గా దాని మీదుగా తిరగాలి. ట్రైపాడ్ మీద బిగించి, కెమెరాను ముందుకూ వెనక్కీ జరుపుకునే పట్టాలున్న పనోరమా హెడ్ కొనేది అందుకోసమే.

ఆ చోటు పట్టుకోవడం తేలికే. దగ్గరగా ఒక నిలువు కర్ర, దాని వెనక దూరంగా ఒక స్తంభం ఒకే వరసలో కనిపించేలా నిలబెట్టండి. కెమెరా తెర మీద కనిపించే లైవ్ వ్యూ పెద్దది చేసి కెమెరాను కుడికి తిప్పండి. కర్ర స్తంభానికి ఎడమ వైపు జరిగితే కెమెరా మరీ ముందుకుంది, కాస్త వెనక్కి లాగండి. కుడి వైపు జరిగితే ముందుకు నెట్టండి. ఎటు తిప్పినా రెండూ కలిసే ఉన్నాయంటే చోటు దొరికినట్టే. హెడ్ పట్టాల మీద ఆ చోట గీత పెట్టుకోండి, అదే లెన్స్, అదే జూమ్ ఉన్నంతకాలం పనికొస్తుంది.

ఎక్స్‌పోజర్ (వెలుతురు), ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) మూడూ మాన్యువల్‌లో ఉండాలి. లేకపోతే ఆకాశం ముక్కలు ముక్కలుగా వేర్వేరు రంగుల్లో వస్తుంది. క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) మీద 18 ఎంఎం లెన్స్ అయితే కెమెరాను నిలువుగా పెట్టి 30 డిగ్రీలకు ఒకటి చొప్పున వరసకు 12 ఫోటోలు తీయాలి. సమంగా ఒక వరస, 45 డిగ్రీలు పైకి ఒకటి, కిందికి ఒకటి. ఆపైన నడినెత్తిన ఆకాశానికి, ట్రైపాడ్ కింది నేలకు విడిగా ఒక్కోటి. 8 ఎంఎం ఫిష్‌ఐ (చాలా వెడల్పు దృశ్యం పట్టే లెన్స్) ఉంటే చుట్టూ ఆరు, పైకి, కిందికి ఒక్కోటి చాలు. జనం తిరిగే చోట ఈ తేడా చాలా పెద్దది, ఎందుకంటే ఫోటోలు తగ్గేకొద్దీ మనుషులు సగం సగం తెగిపడే బెడదా తగ్గుతుంది.

హ్యూజిన్ తనంతట తానే కంట్రోల్ పాయింట్లు (పక్కపక్క ఫోటోల్లో ఒకేలా కనిపించే చుక్కలు) వెతుకుతుంది గానీ మబ్బుల మీద, కదిలే ఆకుల మీద పెట్టిన వాటిని తీసేయండి, అవి లెక్క తప్పిస్తాయి. చివరికి చుట్టూ ఉన్న దృశ్యమంతా ఒకే బల్లపరుపు ఫోటోగా పరిచిన, వెడల్పు ఎత్తుకు రెట్టింపు ఉండే ఈక్విరెక్టాంగ్యులర్ జేపెగ్ కావాలి.

సైట్‌లో పెట్టడం ఒక పూట పని. 8000 పిక్సెళ్ల వెడల్పున్న ఒకే ఫైల్‌ను నేరుగా ఇస్తే పాత ఫోన్లలో తెరుచుకోదు, చాలావాటి పరిమితి 4096 పిక్సెళ్లే. పానెల్లమ్‌తో వచ్చే పైథాన్ స్క్రిప్ట్ (పైథాన్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రామ్) ఫోటోను చిన్న చిన్న టైల్స్‌గా కోసిపెడుతుంది. చూసేవాళ్లు ఎటు తిరిగితే ఆ ముక్కలే లోడ్ అవుతాయి. ముందు మీ కంప్యూటర్లో పరీక్షిస్తారు కదా, పేజీని డబుల్ క్లిక్ చేసి తెరిస్తే బ్రౌజర్ ఫోటోను అడ్డుకుంటుంది. పైథాన్‌లోనే ఉన్న చిన్న లోకల్ సర్వర్ (మీ కంప్యూటర్ నుంచే పేజీని సైట్‌లాగా బ్రౌజర్‌కు అందించేది) నడిపి చూడండి.

పేజీ తెరవగానే ఎటు వైపు చూపించాలో మీరే నిర్ణయించండి. ఇంట్లో తీసినదైతే, ఫోటోల్లో జీపీఎస్ వివరాలుంటే అవి చివరి ఫైల్లోకి రాలేదని చూసుకున్నాకే అప్‌లోడ్ చేయండి.