హాఫ్ ఐరన్‌మ్యాన్ చేయాలంటే ముందు 15 కిలోలు తగ్గాలా?

మీ ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 84 కిలోలు, నాలుగేళ్లుగా జిమ్‌కి వెళ్తున్నారు, ఛాతీ, భుజాలు బాగా పెరిగాయి. ట్రయాథ్లెట్లు, అంటే ఈత, సైకిల్, పరుగు వరుసగా చేసే పోటీల వాళ్లు, అందరూ సన్నగా ఉంటారు కాబట్టి 15 కిలోలు తగ్గాకే శిక్షణ మొదలుపెట్టాలా అని అడిగారు. వద్దండి. ఈ వారమే మొదలుపెట్టండి. మీరు చేయాలనుకుంటున్నదే నేను చేసి దెబ్బతిన్నాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా, ట్రయాథ్లెట్ శరీరం అంటూ ఒకటే అచ్చు లేదు. ఐరన్‌మ్యాన్ ప్రపంచ టైటిల్ మూడుసార్లు గెలిచిన జర్మన్ యాన్ ఫ్రొడెనో ఎత్తు 194 సెంటీమీటర్లు. నార్వేకి చెందిన క్రిస్టియాన్ బ్లుమెన్‌ఫెల్ట్ దాదాపు 174. వెడల్పాటి ఛాతీ, దిట్టమైన తొడలు. ఫొటో చూస్తే పరుగు మనిషి అని అనిపించదు. టోక్యో ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచాడు, 2022 మేలో ఐరన్‌మ్యాన్ ప్రపంచ టైటిల్ కూడా గెలిచాడు.

ఐరన్‌మ్యాన్ దూరాల్లో సగం ఉండే హాఫ్‌లో 1.9 కి.మీ. ఈత, 90 కి.మీ. సైకిల్, 21.1 కి.మీ. పరుగు. మూడింటికీ శరీరం నుంచి మూడు రకాల సత్తా కావాలి. చదును రోడ్డు మీద సైకిల్‌కి తొడల బలం కావాలి, గాలికి తక్కువ అడ్డు తగిలేలా వంగి కూర్చోగలగాలి. అక్కడ నాలుగు కిలోలు ఎక్కువున్నా పెద్ద తేడా రాదు, మనం ఎక్కువసేపు ఉండేదీ సైకిల్ మీదే. పరుగులో మాత్రం ప్రతి కిలో మోకాళ్లకు తెలుస్తుంది. పైగా శరీరం పెద్దదైతే పుట్టే వేడీ ఎక్కువ, ఎండలో అది గట్టిగా దెబ్బతీస్తుంది. ఈతలో మీకు వచ్చే ఇబ్బంది బరువుతో కాదు, బిగుసుకుపోయిన భుజాలతో. గోడకు వీపు ఆనించి నిలబడి రెండు చేతులూ నిటారుగా పైకెత్తండి. నడుము వంచకుండా చేతులు గోడను తాకకపోతే మీ మొదటి పని అక్కడే ఉంది.

ఇక నా సంగతి. మాది వైజాగ్. 36 ఏళ్లప్పుడు, 81 కిలోల బరువుతో మొదలుపెట్టాను. ముందు సన్నబడాలని పట్టుబట్టి అన్నం మానేశాను, రాత్రికి రెండు పుల్కాలతో సరిపెట్టాను, తెల్లారి ఖాళీ కడుపుతో బీచ్ రోడ్డు మీద పరుగెత్తాను. మూడు నెలల్లో 70కి వచ్చాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. నాకు మాత్రం నిద్ర పట్టేది కాదు, ఊరికే చిరాకు వచ్చేది, ఎంత పరుగెత్తినా వేగం పెరగలేదు. ఒకరోజు మోకాలి కింద ముందు ఎముకలో నొప్పి మొదలైంది. స్కాన్‌లో స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది, అంటే పదేపదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చే సన్నని పగులు. డాక్టర్ గారు మొదట అడిగింది బూట్ల గురించి కాదు, ఏం తింటున్నావని. పది వారాలు పరుగు బంద్. ఆ పది వారాలు ఎంత బాధపడ్డానో నాకే తెలుసు.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు తూకం పక్కన పెట్టి కడుపునిండా తిన్నాను. 75 కిలోల బరువుతో గోవాలో హాఫ్ పూర్తిచేశాను, 6 గంటల 48 నిమిషాలు. 70 ఉన్నప్పుడు 10 కి.మీ. పరుగుకే నీరసపడిపోయిన మనిషిని.

నా శిక్షణ వారానికి 9, 10 గంటలు. ఆక్వా కాంప్లెక్స్‌లో మూడు రోజులు ఈత. పరుగు మూడుసార్లు. ఆదివారం తెల్లవారుజామున సైకిల్ మీద భీమిలి వెళ్లి రావడం, తర్వాత్తర్వాత అదే రెండుసార్లు. దిగగానే బూట్లు మార్చుకుని 20 నిమిషాలు పరుగు. మొదట్లో కాళ్లు కర్రల్లా ఉంటాయి, నాలుగైదు వారాల్లో అలవాటవుతాయి. వీటిలో చాలావరకు పక్కవాడితో మాట్లాడుతూ చేయగలిగే వేగంలోనే ఉండాలి. జిమ్ నుంచి వచ్చినవాళ్లకు ఇదే కష్టం, ఆయాసం రాకపోతే పని జరగలేదనుకుంటారు. ప్రొఫెషనల్స్ కూడా ఎక్కువ గంటలు ఇలా తేలిగ్గానే చేస్తారు. జిమ్ పూర్తిగా మానొద్దు. స్క్వాట్స్, డెడ్‌లిఫ్ట్స్ వారానికి రెండుసార్లు ఉంచుకోండి, ఛాతీ కోసం ప్రత్యేకంగా కేటాయించిన రోజు మాత్రం తీసేయండి. నెలలు గడిచేకొద్దీ బరువు దానంతటదే కొంత తగ్గుతుంది, ఎంత తగ్గాలో ముందే అంకె పెట్టుకోకండి.

సైకిల్ మీద గంటకు 60 గ్రాముల కార్బోహైడ్రేట్ అందేలా చూసుకోండి. ఒక అరటిపండు, నాలుగైదు ఖర్జూరాలు, కాస్త గ్లూకోజ్ నీళ్లు కలిపితే సరిపోతుంది. ఇది కూడా శిక్షణలో భాగమే, పొట్టకూ అలవాటు కావాలి.

తూకం యంత్రం మాత్రం పారేయకండి, దానికి ఇంకో పని ఉంది. పొడవైన రైడ్‌కి ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకీ సుమారు లీటరు చెమట పోయినట్టు. మధ్యలో తాగిన నీళ్లు కూడా దానికి కలపండి. మన కోస్తా ఉక్కలో ఆ లెక్క చూసి నేనే భయపడ్డాను. మొదటి ఆదివారం మీకు వచ్చిన అంకె ఇక్కడ రాయండి, గంటకు ఎంత తాగాలో, ఉప్పు ఎంత కలపాలో కలిసి లెక్కేద్దాం.