తలసరి ఆదాయం ఒక్కో చోట ఒక్కోలా ఎందుకుంది?

తమ్ముడూ, భారత్, కువైట్ పోలుస్తూ ప్రాజెక్టు రాస్తుంటే ప్రపంచ బ్యాంకు సైట్‌లోనే మన తలసరి ఆదాయం ఒకచోట ఒకలా, ఇంకోచోట దానికి సుమారు నాలుగు రెట్లు కనిపిస్తోందని టెన్షన్ పడుతున్నావు. రెండూ సరైనవే. చిన్న అంకె మారకం రేటుతో డాలర్లలోకి మార్చింది. పెద్దది కొనుగోలు శక్తి లెక్క, అదే పీపీపీ.

మా బావ కువైట్‌లో డ్రైవరు. అక్కడ ఒక టీకిచ్చే డబ్బుతో మన కడప ఏడురోడ్ల దగ్గర మూడు టీలు తాగొచ్చంటాడు. పీపీపీ సరిచేసేది ఆ తేడానే. జీవన ప్రమాణం పోల్చాలంటే అదే వాడు. బావ ఇంటికి పంపే డబ్బు లెక్కకైతే మారకం రేటే.

కువైట్‌తో ఇంకో చిక్కుంది. అక్కడి జనాభాలో సగానికి పైగా విదేశీయులే. సగటులో మా బావ జీతమూ, చమురు కంపెనీ పెద్దాఫీసరు జీతమూ కలిసిపోతాయి. కాబట్టి 1990 నుంచి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇస్తున్న మానవాభివృద్ధి సూచికను కూడా పక్కనే చేర్చి చూపించు. ఆయుర్దాయం, చదువు, ఆదాయం మూడూ ఉంటాయి. (అవీ సగటులేలే!)

పేదరికం అధ్యాయంలో జాగ్రత్త. రోజుకు 2.15 డాలర్ల పేదరిక గీతను ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో 3 డాలర్లకు మార్చింది, ధరల ఆధార సంవత్సరం కూడా 2017 నుంచి 2021కి జరిగింది. పాత వ్యాసంలోని పేదల శాతాన్ని కొత్త పట్టికలో కలపకు. ప్రతి పట్టిక కింద ఏ సంవత్సరం ధరలు వాడావో రాయి. అది రాయకే నేను వైవాలో పది నిమిషాలు నీళ్లు నమిలాను.